థామ్సన్‌లో పదహారు వందల ఖాళీ గదులు

గ్వాంటనామో చరిత్ర: ఆరో భాగం

ఇల్లినాయిస్ రాష్ట్రపు పడమటి అంచున, మిసిసిపీ నది ఒడ్డున థామ్సన్ అనే చిన్న ఊరుంది. జనాభా ఆరు వందల లోపే. అక్కడి ఇసుక నేలల్లో పుచ్చకాయ బాగా పండుతుంది. ఏటా పుచ్చకాయల పండుగ చేసుకుంటారు. 2001లో ఆ ఊరి పొలాల పక్కన రాష్ట్ర ప్రభుత్వం 14 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి ఒక పెద్ద జైలు కట్టింది. అందులో 1,600 గదులు, కరడుగట్టిన నేరస్థుల కోసం కట్టినవి. తీరా కట్టాక సిబ్బందికి జీతాలివ్వడానికి ఖజానాలో డబ్బు లేకపోయింది. 2006లో పక్కనున్న చిన్న విభాగాన్ని తెరిచి తక్కువ ప్రమాదమున్న ఖైదీలను కొద్దిమందిని ఉంచారు. అసలు జైలు మాత్రం అలాగే ఉండిపోయింది. ఉద్యోగాలొస్తాయని ఎదురుచూసిన ఊరివాళ్లు ఎనిమిదేళ్లపాటు ఆ ఖాళీ గోడలనే చూస్తూ గడిపారు.

2009 డిసెంబరు 15న ఇల్లినాయిస్ గవర్నర్ పాట్ క్విన్‌కు వాషింగ్టన్ నుంచి ఒక లేఖ అందింది. దాని మీద ఐదు సంతకాలున్నాయి. విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్, అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్, స్వదేశీ భద్రతా మంత్రి జానెట్ నపొలిటానో, జాతీయ నిఘా సంచాలకుడు డెనిస్ బ్లెయిర్. థామ్సన్ జైలును కేంద్ర ప్రభుత్వం కొంటుంది, అందులో ఒక భాగాన్ని సైన్యానికి అప్పగిస్తుంది, క్యూబా గడ్డమీది గ్వాంటనామో సైనిక శిబిరంలో ఉన్నవాళ్లలో వందమందికి మించకుండా అక్కడికి తెస్తుంది. ఇదీ పథకం సారాంశం. దేశాధ్యక్షుడు ఒబామా అదే రోజు అందుకు ఉత్తర్వు మీద సంతకం చేశాడు.

ఆ వందమందిలో ఒక్కరు కూడా థామ్సన్ చేరలేదు. అమెరికా అధ్యక్షుడు సంతకం పెట్టాక, రాష్ట్ర గవర్నర్ ఒప్పుకున్నాక, ఊళ్లో ఎక్కువమంది రమ్మన్నాక, జైలు కట్టి సిద్ధంగా ఉన్నాక కూడా ఈ తరలింపు ఎందుకు జరగలేదన్నదే ఈ భాగంలో చెప్పబోయే కథ.

గత భాగాలు చదవని వారి కోసం నాలుగు మాటలు. గ్వాంటనామో అఖాతాన్ని అమెరికా 1903లో క్యూబా నుంచి కౌలుకు తీసుకుంది. అద్దె ఇప్పుడు ఏటా 4,085 డాలర్లు. రెండు ప్రభుత్వాలూ ఒప్పుకుంటే తప్ప, లేదా అమెరికా తనంతట తాను ఖాళీ చేస్తే తప్ప కౌలు ముగియదని 1934 నాటి ఒప్పందం చెబుతుంది. నేల క్యూబాది, పెత్తనం అమెరికాది. 2001 డిసెంబరు 28న న్యాయశాఖకు చెందిన ఇద్దరు న్యాయవాదులు, పాట్రిక్ ఫిల్బిన్, జాన్ యూ, ఈ స్థితిని ఆసరా చేసుకునే రక్షణ శాఖకు ఒక నోట్ రాసి ఇచ్చారు. అక్కడ బంధించిన విదేశీయుడు తన నిర్బంధాన్ని కోర్టులో ప్రశ్నిస్తూ హెబియస్ కార్పస్ పిటిషన్ వేసినా అమెరికన్ కోర్టులు దాన్ని విచారణకు తీసుకునే అవకాశం చాలా తక్కువని వాళ్ల అభిప్రాయం. రెండు వారాలకు, 2002 జనవరి 11న, తొలి ఇరవైమంది బందీలతో విమానం గ్వాంటనామోలో దిగింది. ఫిబ్రవరి 7న అధ్యక్షుడు బుష్ వీళ్లెవరికీ యుద్ధఖైదీ హోదా లేదని తేల్చేశాడు. మొత్తం మీద అక్కడ దాదాపు 780 మంది ఆ చెర చూశారు.

అంటే ఆ చోటును ఎంచుకున్నది భద్రత ఒక్కదాని కోసమే కాదు. కోర్టు అంటే భయం కూడా అందులో ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, హెబియస్ కార్పస్ తలుపు మూసేసిన జబల్‌పూర్ కేసు తీర్పును చూసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. నిర్బంధం ఎంత కఠినమైనదైనా, ఎందుకు నిర్బంధించావని అడిగే న్యాయమూర్తి ఒకడున్నంతవరకూ దానికొక హద్దు ఉంటుంది. ఆ ప్రశ్నకు దూరంగా ఉండేందుకే దీవిని వెతికారు.

గ్వాంటనామో నుంచి అమెరికా ప్రధాన భూభాగానికి తొలి తరలింపు ఒబామా కాలంలో జరిగిందనుకుంటారు చాలామంది. నిజానికది 2002 ఏప్రిల్‌లోనే జరిగింది. అఫ్ఘానిస్తాన్‌లో పట్టుబడ్డ యాసర్ హమ్దీ అనే యువకుణ్ణి మిగతావాళ్లతో పాటు గ్వాంటనామోకు తెచ్చారు. ఇక్కడికొచ్చాక తేలింది, అతను పుట్టింది లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో అని. పుట్టుకతో అమెరికా పౌరుడు. వెంటనే విమానమెక్కించి వర్జీనియాలోని నార్‌ఫోక్ నౌకాదళ జైలుకు, తర్వాతి ఏడాది దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్ నౌకాదళ జైలుకు మార్చారు. ఏ ఊరూ ఆందోళన చేయలేదు. అమెరికా కాంగ్రెస్ అడ్డుకోలేదు. 2004 జూన్ 28న సుప్రీంకోర్టు అతని కేసులో, నిర్బంధాన్ని ప్రశ్నించే అవకాశం పౌరుడికి ఇవ్వాల్సిందేనని చెప్పింది. కొన్ని నెలలకే ప్రభుత్వం అతనితో పౌరసత్వం వదులుకునేట్టు ఒప్పందం చేసుకుని సౌదీ అరేబియా పంపేసింది.

హమ్దీ తీర్పు వచ్చిన రోజే వెలువడిన రసూల్ కేసు తీర్పు, ఆ తర్వాత 2008 జూన్ 12న 5-4 తేడాతో వచ్చిన బూమెదీన్ కేసు తీర్పు, గ్వాంటనామోలోని విదేశీయులకూ హెబియస్ కార్పస్ హక్కుందని స్థిరపరిచాయి. కోర్టు సముద్రం దాటి అక్కడికి చేరింది. ఏ ఉద్దేశంతో ఆ శిబిరం పెట్టారో ఆ ఉద్దేశం 2008తోనే చెల్లిపోయింది. అయినా శిబిరం నిలిచే ఉంది. తర్వాతి పదిహేనేళ్ల చరిత్రనంతా అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలనుకుంటాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. శత్రు సైనికులను తన నేలమీదికి తెచ్చుకోవడం అమెరికాకు కొత్త కాదు. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 నుంచి 1946 దాకా, నాలుగు లక్షలకు పైగా యుద్ధఖైదీలను సముద్రం దాటించి తెచ్చింది. ఎక్కువమంది జర్మన్లు, తర్వాత ఇటాలియన్లు, కొన్ని వేలమంది జపనీయులు. ఉత్తరాఫ్రికాకు, ఐరోపాకు ఆయుధాలు, తిండి మోసుకెళ్లిన ఓడలు తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చేవి. వాటిలోనే బందీలను ఎక్కించారు. టెక్సాస్, కాన్సాస్, అయోవా, ఇల్లినాయిస్, ఇలా దేశమంతటా దాదాపు 500 శిబిరాలు వెలిశాయి. రైతుల కొడుకులు యుద్ధానికి పోతే వాళ్ల పొలాల్లో పత్తి ఏరింది, దుంపలు తవ్వింది ఈ ఖైదీలే. రోజుకు 80 సెంట్లు కూలి, అదీ శిబిరంలోని అంగడిలో చెల్లే చీట్ల రూపంలో. పారిపోయినవాళ్లు లేకపోలేదు. న్యూ మెక్సికో శిబిరం నుంచి 1945లో తప్పించుకున్న ఒక జర్మన్ సైనికుడు 1985 దాకా బయటపడలేదు. తోటి ఖైదీలను చంపిన నేరానికి 1945లో పద్నాలుగుమంది జర్మన్లను కాన్సాస్‌లోని ఫోర్ట్ లెవెన్‌వర్త్‌లో ఉరితీశారు కూడా. అంటే వాళ్లందరూ సాధువులేమీ కారు, అందులో నాజీలున్నారు. అయినా ఆ తరం అమెరికన్లు, తమ పిల్లలు అవతల అదే జర్మన్ల తుపాకులకు బలవుతున్న రోజుల్లో, వాళ్లను పక్కూళ్లో ఉంచుకోవడానికి జంకలేదు. ఆ కాలంలోనే బ్రిటిష్‌వాళ్లు ఉత్తరాఫ్రికాలో పట్టుబడ్డ ఇటాలియన్లను వేలకొద్దీ మన బెంగళూరుకు, డెహ్రాడూన్‌కు తెచ్చారు. జెనీవా ఒప్పందం ప్రకారం వాళ్లకొక హోదా ఉంది. యుద్ధం ముగిస్తే ఇంటికి వెళతారని అందరికీ తెలుసు. 2002లో పోయింది ఆ హోదా, ఆ గడువు. పేరులేని, గడువులేని బందీ అంటే జనానికి భయం ఎక్కువ.

2009 జనవరి 22న, పదవిలోకి వచ్చిన మూడో రోజున, ఒబామా గ్వాంటనామోను ఏడాదిలోగా మూసేయాలని ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటికి అక్కడున్నది 240 మంది దాకా. ఉత్తర్వు గొప్పదే. అందులో లేనిది ఒక్కటే: వాళ్లు ఎక్కడికి పోవాలి? ఆ ఖాళీలోకి రాజకీయం జొరబడింది.

మొదటి పరీక్ష వీగర్లతో వచ్చింది. చైనాలోని షిన్‌జియాంగ్ నుంచి పారిపోయి అఫ్ఘానిస్తాన్ చేరి, అక్కడ పట్టుబడ్డ ఈ ముస్లింలు మొత్తం 22 మంది. వాళ్లు అమెరికాకు శత్రువులు కారని ప్రభుత్వమే ఒప్పుకుంది. చైనాకు పంపితే హింసిస్తారు. 2008 అక్టోబరులో వాషింగ్టన్ న్యాయమూర్తి రికార్డో ఉర్బినా అప్పటికి మిగిలిన 17 మందిని అమెరికాలోనే విడుదల చేయమన్నాడు. పై కోర్టు 2009 ఫిబ్రవరిలో ఆ తీర్పు కొట్టేసింది. అయినా వాళ్లలో కొందరిని ఉత్తర వర్జీనియాలో, అప్పటికే వీగర్ కుటుంబాలున్న చోట, స్థిరపరచాలని శ్వేతసౌధం ఏప్రిల్, మే నెలల్లో గుట్టుగా ప్రయత్నించింది. ఆ ప్రాంత ప్రతినిధి ఫ్రాంక్ వుల్ఫ్‌కు ఆ సంగతి తెలిసిపోయింది. ఆయన గట్టిగా అడ్డం తిరిగాడు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ వీగర్లలో నలుగురు జూన్‌లో బెర్ముడా వెళ్లారు, ఆరుగురు అక్టోబరులో పసిఫిక్‌లోని పలావ్ దీవులకు. ఆఖరి ముగ్గురు స్లొవేకియా చేరేసరికి 2013 డిసెంబరు అయింది. ఏ నేరమూ మోపని మనుషులు పన్నెండేళ్లు చెరలో మగ్గారు.

నన్నడిగితే గ్వాంటనామో మూసివేత ఓడిపోయింది ఆ వర్జీనియా సంగతి దగ్గరే. అందరిలోకీ నిరపాయమైన వాళ్లకోసమే ప్రభుత్వం నిలబడలేకపోతే, మిగతావాళ్ల కోసం నిలబడుతుందని ఎవరు నమ్ముతారు? ప్రత్యర్థులకు అది అర్థమైపోయింది.

2009 మే 20న సెనేట్ ముందు ఒక సవరణ వచ్చింది. గ్వాంటనామో మూసివేతకు అడిగిన 8 కోట్ల డాలర్లు ఇవ్వకూడదని. ఒబామా సొంత పార్టీ డెమోక్రాట్లకే ఆ సభలో ఆధిక్యం. ఓట్లు లెక్కపెడితే 90-6. డబ్బు పోయింది. వ్యతిరేకించిన ఆ ఆరుగురిలో ఒకరు ఇల్లినాయిస్ సెనేటర్ డిక్ డర్బిన్. థామ్సన్ కథలో ఈ పేరు మళ్లీ వస్తుంది. మర్నాడు ఒబామా జాతీయ పురాభాండాగారంలో, రాజ్యాంగపు మూలప్రతి ఉన్న భవనంలో నిలబడి, ఉగ్రవాద నేరాలకు శిక్షపడ్డవాళ్లు వందలమంది ఇప్పటికే మన జైళ్లలో భద్రంగా ఉన్నారని గుర్తుచేశాడు. అది అక్షరాలా నిజం. 1993లో న్యూయార్క్ వాణిజ్య కేంద్రం మీద బాంబు పేల్చిన రమ్జీ యూసెఫ్, సెప్టెంబర్ 11 కుట్ర కేసులో శిక్షపడ్డ జకారియాస్ ముసావీ ఇద్దరూ కొలరాడోలోని ఫ్లోరెన్స్ జైల్లోనే ఉన్నారు. 1994లో తెరిచిన ఆ జైలు నుంచి ఒక్కడూ తప్పించుకోలేదు. వాదనగా దీనికి జవాబు లేదు. కానీ ఓటర్ల ముందు నిలబడాల్సిన సభ్యుడికి, నీ జిల్లాకు ఉగ్రవాదులను తెచ్చాడని ఎదుటివాడు వేయబోయే ప్రకటనే కళ్లముందు మెదులుతుంది.

విచిత్రమేమిటంటే, వాషింగ్టన్ వద్దంటున్న ఆ రోజుల్లోనే చిన్న ఊళ్లు రమ్మన్నాయి. మోంటానాలో హార్డిన్ అనే ఊరు 2.7 కోట్ల డాలర్ల బాండ్లతో 464 పడకల జైలు కట్టుకుంది. 2007లో పూర్తయింది కానీ ఖైదీలు రాలేదు. బాండ్ల మీద వాయిదాలు తప్పాయి. 2009 ఏప్రిల్‌లో ఊరి కౌన్సిల్ గ్వాంటనామో బందీలను మాకివ్వండని తీర్మానం చేసింది. ఆ రాష్ట్ర సెనేటర్లే కుదరదన్నారు. మిషిగన్‌లో మూతపడబోతున్న స్టాండిష్ జైలును ఆగస్టులో అధికారులు చూసి వెళ్లారు. అక్కడ ఊరు రెండుగా చీలింది. అప్పుల్లో కూరుకుపోయిన ఊళ్లకు ఖైదీ అంటే ఉద్యోగం. ఇందులో నాకు కనిపించేది ఆశ కన్నా ఎక్కువగా నిస్సహాయతే. పల్లెలు పరిశ్రమగా జైలును కోరుకునే స్థితికి రావడం ఆ దేశపు మరో పెద్ద కథ.

ఈ మధ్యలో ఒక తరలింపు నిజంగానే జరిగింది. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలాంలలో అమెరికా రాయబార కార్యాలయాల మీద జరిగిన పేలుళ్లలో 224 మంది చనిపోయారు. ఆ కేసు నిందితుడు అహ్మద్ ఖల్ఫాన్ గైలానీని 2009 జూన్ 9న గ్వాంటనామో నుంచి న్యూయార్క్ తెచ్చి మన్‌హటన్ జైల్లో పెట్టారు. కూలిన వాణిజ్య సౌధాల చోటుకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఆ కోర్టు. విచారణ ఏ అలజడీ లేకుండా సాగింది. గైలానీని బలవంతంగా విచారించి రాబట్టిన సమాచారం వల్లే దొరికిన ఒక ముఖ్య సాక్షిని న్యాయమూర్తి లూయిస్ కాప్లాన్ అనుమతించలేదు. 2010 నవంబరు 17న జ్యూరీ 285 అభియోగాల్లో 284 కొట్టేసి ఒక్కదానిలో దోషిగా తేల్చింది. ఆ ఒక్కదానికే యావజ్జీవ శిక్ష పడింది. కోర్టు పని చేసిందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? హింసతో వచ్చిన సాక్ష్యాన్ని తోసేసింది, దోషిని శిక్షించింది. కానీ పత్రికల్లో మోగింది 284 అనే సంఖ్య. గ్వాంటనామో నుంచి వచ్చి అమెరికా పౌర న్యాయస్థానంలో విచారణ ఎదుర్కొన్నది అతనొక్కడే.

మళ్లీ థామ్సన్‌కు వద్దాం. గవర్నర్ క్విన్, సెనేటర్ డర్బిన్ ఇద్దరూ పట్టుబట్టి ముందుకు తెచ్చిన ప్రతిపాదన ఇది. ఆ కౌంటీలో నిరుద్యోగం 10 శాతం దాటింది. మొత్తం మీద సుమారు 3,000 ఉద్యోగాలొస్తాయని ప్రభుత్వ అంచనా. 2009 డిసెంబరు 22న స్టెర్లింగ్ పట్టణంలోని హైస్కూలు హాల్లో బహిరంగ విచారణ పెట్టారు. ఉద్యోగాలు కావాలన్నవాళ్లు, భయమేస్తుందన్నవాళ్లు అందరూ వచ్చారు. రాష్ట్రంలో సెనేట్ సీటుకు పోటీచేస్తున్న రిపబ్లికన్ ప్రతినిధి మార్క్ కర్క్, అప్పట్లో దేశంలోకెల్లా ఎత్తైన భవనమున్న షికాగోను ఉగ్రవాదులకు గురిగా పెడుతున్నారని ప్రచారం చేశాడు. తర్వాతి ఏడాది నవంబరులో ఆ సీటు గెలిచాడు. అది ఒబామా ఖాళీ చేసిన సీటే.

వ్యతిరేకత కుడివైపు నుంచే రాలేదు. పౌరహక్కుల సంఘాలూ థామ్సన్ వద్దన్నాయి. వాళ్ల అభ్యంతరం వినదగ్గది. 2010 జనవరిలో పూర్తయిన ప్రభుత్వ సమీక్ష 240 మందిని నాలుగు గుంపులుగా విడదీసింది. 126 మందిని పంపేయవచ్చు. 36 మంది మీద విచారణ జరపవచ్చు. 30 మంది యెమెనీయులను అక్కడి పరిస్థితులు బాగుపడితే పంపవచ్చు. మిగిలిన 48 మంది? వాళ్లను విడిచిపెట్టనూ లేరు, నేరం రుజువు చేయనూ లేరు. థామ్సన్‌కు రావాల్సినవాళ్లలో వీళ్లే ముఖ్యులు. విచారణ లేని నిర్బంధాన్ని క్యూబా నుంచి ఇల్లినాయిస్‌కు మారిస్తే మారేది చిరునామా ఒక్కటేనని హక్కుల సంఘాలు అన్నాయి. ఆ మాటలో బలముంది. ఇల్లినాయిస్‌లోని పియోరియాలోనే 2001 డిసెంబరులో అరెస్టయిన అలీ అల్ మర్రీని 2003 నుంచి దాదాపు ఆరేళ్లు చార్ల్‌స్టన్ నౌకాదళ జైల్లో ఏ అభియోగమూ లేకుండా ఉంచారు. సొంత నేల మీద ఉన్నంత మాత్రాన చట్టం దానంతటదే కాపాడదు. అయినా నేను తరలింపు వైపే మొగ్గుతాను. న్యాయవాది కారులో వెళ్లి కలవగలిగే చోట, విలేఖరి గేటు ముందు నిలబడగలిగే చోట మనిషిని మరిచిపోవడం కష్టం. దీవిలో చాలా సులువు.

స్టెర్లింగ్‌లో బహిరంగ విచారణ జరిగిన మూడు రోజులకు, క్రిస్మస్ నాడు, డెట్రాయిట్ వెళ్తున్న విమానంలో ఒక నైజీరియా యువకుడు లోదుస్తుల్లో దాచిన బాంబు పేల్చబోయి పట్టుబడ్డాడు. యెమెన్‌లో శిక్షణ పొందినవాడు. జనవరిలో యెమెన్‌కు తరలింపులన్నీ ఆపేశారు. అప్పటికి గ్వాంటనామోలో అందరికన్నా ఎక్కువున్నది యెమెనీయులే. సెప్టెంబర్ 11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మహమ్మద్‌ను న్యూయార్క్‌లో విచారిస్తామని నవంబరులో హోల్డర్ చేసిన ప్రకటనకు మొదట సరేనన్న మేయర్ బ్లూంబర్గ్ జనవరిలో భద్రత ఖర్చు చూపి వద్దన్నాడు. ఉత్తర్వు పెట్టిన ఏడాది గడువు అలా గడిచిపోయింది.

అసలు తాళం పడింది 2011 జనవరి 7న. సైన్యం ఖర్చులకు అనుమతినిచ్చే వార్షిక రక్షణ చట్టంలో ఒక నిబంధన చేర్చారు. గ్వాంటనామో బందీని అమెరికా నేల మీదికి తేవడానికి రక్షణ శాఖ నిధుల్లో ఒక్క డాలరు కూడా ఖర్చు చేయకూడదు. విచారణ కోసమైనా సరే. ఒబామా అభ్యంతరం చెబుతూనే సంతకం చేశాడు, చేయకపోతే యుద్ధంలో ఉన్న సైన్యానికి నిధులు ఆగుతాయి. అప్పటినుంచి ఏటా ఆ నిబంధన కొనసాగుతూనే వచ్చింది. రాజ్యాంగ చర్చ లేదు, కోర్టు తీర్పు లేదు. బడ్జెట్ లెక్కల్లో ఒక వాక్యం ఆ పని చేసింది.

దాని పట్టు ఎంత గట్టిదో ఒక ఉదాహరణ చాలు. 2017లో వెన్నెముక దెబ్బతిని కాళ్లు చచ్చుబడే స్థితికి వచ్చిన ఒక ఇరాకీ బందీకి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సొచ్చింది. ఫ్లోరిడాలో పెద్ద ఆస్పత్రులున్నాయి, విమానంలో కాసేపటి దూరం. చట్టం ఒప్పుకోదు. ఇర్మా తుపాను ముంచుకొస్తున్న వేళ వైద్య బృందాన్నే దీవికి తరలించి ఆపరేషన్ చేయించారు.

థామ్సన్ జైలును చివరకు 2012 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం 16.5 కోట్ల డాలర్లకు కొన్నది. గ్వాంటనామో నుంచి ఎవరినీ అక్కడికి తీసుకురామని హోల్డర్ హామీ ఇచ్చాడు. ఊరికి జైలు దక్కింది. కేంద్ర ఖైదీలు వచ్చారు, ఉద్యోగాలూ వచ్చాయి. అందులోని ప్రత్యేక విభాగంలో ఖైదీల మీద దౌర్జన్యాలు జరుగుతున్నాయని వార్తలు రావడంతో 2023లో దాన్ని మూసేశారు.

ఒబామా ఆఖరి ప్రయత్నం 2016 ఫిబ్రవరి 23న. అప్పటికి మిగిలింది 91 మంది. 2015 ఆర్థిక సంవత్సరంలో ఆ శిబిరానికి 44.5 కోట్ల డాలర్లు ఖర్చయిందనీ, సొంత నేల మీదికి మారిస్తే ఏటా 6.5 నుంచి 8.5 కోట్లు మిగులుతాయనీ రక్షణ శాఖ కాంగ్రెస్‌కు నివేదిక ఇచ్చింది. 13 చోట్లు పరిశీలించామంది కానీ ఒక్కదాని పేరూ రాయలేదు. అంతకుముందు ఏడాది అధికారులు సర్వే చేసింది ఫోర్ట్ లెవెన్‌వర్త్‌ను, చార్ల్‌స్టన్‌ను, కొలరాడోలో ఫ్లోరెన్స్‌తో పాటు కాన్యన్ సిటీలో 2010లో తెరిచి 2012లోనే మూసేసిన మరో ఖాళీ జైలును. కాన్సాస్ గవర్నర్, దక్షిణ కరోలినా గవర్నర్ ఇద్దరూ గట్టిగా వ్యతిరేకించారు. కాంగ్రెస్ ఆ నివేదికను ముట్టుకోనేలేదు.

ఇంటి తలుపు మూసుకున్నాక మిగిలింది పరాయి తలుపులు తట్టడమే. ఒమన్, సౌదీ అరేబియా, ఎమిరేట్స్, ఉరుగ్వే, కజకిస్తాన్ సహా ఎన్నో దేశాలను బతిమాలి, ఇద్దరిద్దరిగా, పదేసిమందిగా పంపుతూ, 2017 జనవరిలో ఒబామా దిగిపోయేనాటికి సంఖ్యను 41కి తెచ్చారు. ఆ దేశాల్లో వాళ్లను ఎలా చూశారు, ఎవరు బతికి బట్టకట్టారు, ఎవరు మళ్లీ జైలుపాలయ్యారు అన్నది వచ్చే భాగంలో.